కాంట్రాక్టు మారితే పనివాడు కొత్తవాడవుతాడా?

డోన్‌లో బతుకుతెరువు గురించి రాయబూనితే రైలుతోనే మొదలుపెట్టవలసి ఉంటుంది. పాతతరం ద్రోణాచలమని పిలిచిన ఈ జంక్షన్‌లో కర్నూలు, గుంతకల్లు, నంద్యాల దారులు కలుస్తాయి. మరోవైపు హైదరాబాద్–బెంగళూరు 44వ నంబరు జాతీయ రహదారి సాగిపోతుంది. చుట్టూ వానను నమ్ముకున్న మెట్టపొలాలు, రాతిగనులు, బేతంచెర్ల వైపు వెళితే బండల కోత, పాలిష్ యూనిట్లు. ఇలాంటి నేలలో నెల తిరిగేసరికి చేతికందే జీతం, ఎంత చిన్నదైనా, ఒక కుటుంబానికి నికరమైన ఆధారం. ఆ జీతాల్లో చాలాభాగం ఇప్పుడు ప్రభుత్వమో రైల్వేయో నేరుగా ఇచ్చేవి కావు. స్టేషన్ ఊడ్చే పని, ఆసుపత్రి వార్డులు తుడిచే పని, టోల్‌గేటు వద్ద నిలబడే పని, అంబులెన్సు నడిపే పని టెండరు ద్వారా ఏదో ఒక సంస్థకు పోయి, ఆ సంస్థ ద్వారా మన పిల్లల చేతికి వస్తున్నవి.

టెండరుకు గడువుంటుంది. అది తీరిన రోజున పాత సంస్థ పేరు దిగి కొత్త సంస్థ పేరు ఎక్కుతుంది. ఊడ్చవలసిన ప్లాట్‌ఫారం అదే. చీపురు పట్టిన చెయ్యి అదే. మారేది చొక్కా మీది గుర్తు, జీతం పంపే ఖాతా పేరు. కాగితం మీద మాత్రం పదేళ్ళుగా అక్కడే పనిచేసిన మనిషి ఆ ఉదయం కొత్తగా చేరిన కార్మికుడవుతాడు. అదీ చేర్చుకుంటేనే. చేర్చుకోకపోతే నిరుద్యోగి. యజమాని కాంట్రాక్టు పోగొట్టుకుంటే బతుకు మార్చుకోవలసింది కార్మికుడన్న ఈ ఏర్పాటును మన సమాజం ఎండవానల్లా సహజమైనదిగా భావిస్తున్నట్టు కనిపిస్తోంది. మేము అలా భావించడం లేదు. ఇది కార్మిక సంఘాలు చూసుకోవలసిన విషయమే గాని మైనారిటీ హక్కుల పత్రికకు సంబంధించింది కాదన్న మాటతోనూ ఏకీభవించడం లేదు.

కారణం చెబుతాం. సచార్ కమిటీ 2006 నవంబరులో సమర్పించిన నివేదికను విద్య గురించి, బ్యాంకు రుణాల గురించి మనం వందలసార్లు ఉదహరించాం. అందులో రైల్వేల గురించి ఉన్న పేరా మాత్రం సభల్లో అంతగా వినిపించదు. సుమారు 14 లక్షల మంది ఉన్న భారతీయ రైల్వేలో ముస్లింలు దాదాపు 64 వేలు, అంటే 4.5 శాతం. వారిలోనూ 98.7 శాతం కింది స్థాయి ఉద్యోగులే. దేశ జనాభాలో అప్పటి మన వాటా 13.4 శాతం. జీతాల మీద పనిచేసే ముస్లింలలో రాతపూర్వక ఒప్పందం గాని సామాజిక భద్రత గాని లేనివారు ఇతరులకంటే ఎక్కువని కూడా ఆ నివేదికే చెప్పింది. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి కర్నూలు జిల్లాలో సుమారు ప్రతి ఆరుగురిలో ఒకరు ముస్లిం. అలాంటి జిల్లాలోని రైల్వే జంక్షన్‌లో పర్మనెంటు ఉద్యోగం తలుపు మనకు ఎంత సన్నగా తెరుచుకుందో ఆ 4.5 శాతమే చెబుతుంది. ఆ తలుపు పక్కన ఉన్న కాంట్రాక్టు కిటికీలోంచి మనవాళ్ళు లోపలికి వెళ్ళారు.

మరో కోణం ఇంకా ముఖ్యమైనది. బి.సి.–ఇ కింద 4 శాతం రిజర్వేషన్ కోసం ఈ సముదాయం ఎంత కాలం పోరాడిందో పాఠకులకు తెలుసు. 2004లో ఉత్తర్వు, దాని కొట్టివేత, 2005లో మరో ప్రయత్నం, దానికీ అదే గతి, 2007లో చట్టం, 2010 ఫిబ్రవరిలో హైకోర్టు తీర్పు, ఆ మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో ఊరట. ఇంత పోరాడి సాధించుకున్న 4 శాతం దేనిలో? ప్రభుత్వం నేరుగా నియమించే ఉద్యోగాల్లో. ప్రభుత్వం ఒక పనిని ప్రైవేటు సంస్థకు అప్పగించిన మరుక్షణం ఆ పనిలో రోస్టరు ఉండదు, 4 శాతమూ ఉండదు. రిజర్వేషన్‌ను కోర్టులో కాపాడుకుంటూ ఉండగానే అది వర్తించే ఉద్యోగాలు కాళ్ళకింద ఇసుకలా కరిగిపోతున్నాయి. అందువల్ల కాంట్రాక్టు కార్మికుడి భద్రత గురించి మాట్లాడడం మన పాత పోరాటానికి కొనసాగింపే.

యాజమాన్యం మారడమంటే ఏమిటో తెలుసుకోవడానికి 108 సేవకు మించిన ఉదాహరణ మన రాష్ట్రంలో లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న అది మొదలైంది. సత్యం రామలింగరాజు కుటుంబం నెలకొల్పిన ఈ.ఎం.ఆర్.ఐ. దాన్ని నడిపింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడ్డాక ఆ బాధ్యత జి.వి.కె. చేతికి వెళ్ళింది. విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో 2017 చివర బి.వి.జి. వచ్చింది. 2020 జూలై 1న విజయవాడలో 108, 104 సేవల కోసం 1,088 వాహనాలను జెండా ఊపి ప్రారంభించినప్పుడు నిర్వహణ అరబిందో సంస్థది. 2025లో అది ఇంకో సంస్థకు మారింది. ఇరవై ఏళ్ళలో ఐదు యాజమాన్యాలు. ఈ సేవలో డ్రైవరును పైలట్ అంటారు, రోగి పక్కన కూర్చునే వ్యక్తిని ఈ.ఎం.టి. అంటారు. మొదటి రోజుల్లో చేరి నేటికీ బండి దిగని పైలట్‌కు జనం దృష్టిలో ఇరవై ఏళ్ళ అనుభవం. రాత్రి రెండు గంటలకు ఏ గ్రామానికి ఏ అడ్డదారిన పోవాలో అతనికి తెలుసు. కాగితాల్లో మాత్రం అతను ఇప్పుడున్న సంస్థలో చేరింది మొన్ననే. బకాయి జీతాల కోసం, సర్వీసు లెక్క కోసం, గ్రాట్యుటీ కోసం ఈ ఉద్యోగులు అనేకసార్లు రోడ్డెక్కడానికి మూలం ఇదే. ప్రభుత్వం సేవను ఆపలేదు, ఒక్కరోజు కూడా. సేవ చేసేవాడి లెక్కను మాత్రం మాటిమాటికీ సున్నా దగ్గర నిలబెట్టింది.

సున్నా అనే మాటను అతిశయోక్తిగా వాడలేదు. గ్రాట్యుటీ చట్టం 1972 నాటిది. ఒకే యజమాని వద్ద ఐదేళ్ళు నిండితే ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున ముట్టాలన్నది దాని సారం. నెలకు 15,000 రూపాయల మీద పదేళ్ళకు లెక్కగడితే 86 వేల పైచిలుకు వస్తుంది. ఒక ఆడపిల్ల నికాహ్‌కో కొడుకు చదువుకో అది చిన్న మొత్తం కాదు. కాంట్రాక్టు గడువు రెండేళ్ళో మూడేళ్ళో అయినప్పుడు, ప్రతి గడువుకూ కొత్త యజమాని అయినప్పుడు, ఐదేళ్ళన్న గీతను కార్మికుడు ఎన్నటికీ దాటలేడు. పదేళ్ళు పనిచేసినా మూడేళ్ళవి మూడు ముక్కలు, ఒక ఏడాది. ఏ ముక్కకూ గ్రాట్యుటీ రాదు.

భవిష్యనిధి సంగతి ఇంకా సూక్ష్మమైనది. అక్కడ నష్టాన్ని కొంత మనమే చేతులారా తెచ్చుకుంటున్నాం. యజమాని వంతులోంచి జీతంలో 8.33 శాతం పెన్షన్ నిధికి వెళుతుంది. మొత్తం పదేళ్ళ సర్వీసు ఉంటే 58వ ఏట నుంచి నెలనెలా పెన్షన్ వస్తుంది. ఈ పదేళ్ళు ఒకే యజమాని వద్ద ఉండనక్కరలేదన్నది గుర్తించవలసిన విషయం. యు.ఎ.ఎన్. అనే పన్నెండంకెల సంఖ్య ఒక్కటే ఉండి, పాత ఖాతా కొత్తదానికి బదిలీ అయితే ఐదు కాంట్రాక్టుల సర్వీసూ కలుస్తుంది. 15,000 జీతం మీద సరిగ్గా పదేళ్ళకు నెలకు రెండువేల పైచిలుకు పెన్షన్ వస్తుంది, సర్వీసు పెరిగినకొద్దీ పెరుగుతుంది. అయితే కాంట్రాక్టు పోయి రెండునెలలు ఇంట్లో కూర్చునేసరికి అప్పులవాళ్ళు గుమ్మం ముందుంటారు. నెట్ సెంటరు కుర్రవాడు రెండు ఫారాలూ కలిపి పెట్టేస్తాడు. పి.ఎఫ్. సొమ్ముతోపాటు పెన్షన్ భాగమూ వచ్చేస్తుంది. ఆ కొద్ది సొమ్ముతో అప్పటివరకూ కూడబెట్టుకున్న సర్వీసు చెరిగిపోతుంది. ఎంత కష్టం వచ్చినా పెన్షన్ భాగాన్ని ముట్టవద్దని మా విన్నపం. దానికి బదులుగా సర్వీసును నమోదు చేసే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. పి.ఎఫ్. మీద జమయ్యే వడ్డీ విషయంలో ధర్మసందేహం ఉన్నవారు ఉలమాను సంప్రదించాలి. ఆ సందేహం సర్వీసు లెక్కను వదులుకోవడానికి కారణం కాకూడదు.

ఇక్కడ మన సముదాయానికి ప్రత్యేకమైన ఒక చిక్కు ఉంది. ఆ చిక్కు పేర్లలో ఉంది. రాయలసీమ ముస్లిం ఇళ్ళలో ఒక మహబూబ్ బాషా పేరు ఆధార్‌లో ‘షేక్ మహబూబ్ బాషా’, పదో తరగతి సర్టిఫికెట్‌లో ‘ఎస్. మహబూబ్ బాష’, బ్యాంకు పుస్తకంలో ‘మహబూబ్ బాషా షేక్’, కాంట్రాక్టరు రిజిస్టరులో ‘ఎస్.ఎం. బాషా’. ఆంగ్ల అక్షరాల్లోకి వెళితే మహబూబ్‌లో ‘ఓ’ ఒకటా రెండా, బాషాలో ‘హెచ్’ ఒకటా రెండా అన్నదానికి రాసిన గుమాస్తా ఇష్టమే ప్రమాణం. ఇమాంబీ, ఖాసింబీ, హుస్సేన్‌బీల పేర్లు కలిపి రాస్తారో విడదీసి రాస్తారో ఎవరికీ తెలియదు. పుట్టిన తేదీల్లో జూలై 1, జనవరి 1 ఎక్కువగా కనబడడానికి కారణం కూడా బడిలో వేసిన ఉరామరికే. యజమాని ఒక్కడే అయినంతకాలం ఈ తేడాలు ఎవరికీ అడ్డురావు. యజమాని మారిన రోజున కంప్యూటరు పాత మనిషినీ కొత్త మనిషినీ ఇద్దరుగా చూస్తుంది. కొత్త కాంట్రాక్టరు గుమాస్తా తలనొప్పెందుకని కొత్త యు.ఎ.ఎన్. పుట్టిస్తాడు. ఒక మనిషికి మూడు సంఖ్యలు, మూడు సంఖ్యల్లో మూడు ముక్కల సర్వీసు. సవరణకు దరఖాస్తు పెడితే పాత యజమాని ధ్రువీకరణ కావాలంటారు. ఆయన కాంట్రాక్టు పోగానే ఆఫీసు గది ఖాళీ చేసి వెళ్ళిపోయి ఉంటాడు.

ఈ విషయంలో కొంత వెసులుబాటు వచ్చింది. 2025 జనవరి నుంచి, 2017 అక్టోబరు 1 తరువాత ఆధార్‌తో జారీ అయిన యు.ఎ.ఎన్. ఉన్నవారు పేరు, పుట్టిన తేదీ వంటి వివరాలను యజమాని ఆమోదం లేకుండానే ఆన్‌లైన్‌లో సవరించుకోవచ్చు. అంతకుముందువారికి యజమాని ఆమోదం అవసరం. సంస్థ మూతపడి ఉంటే గెజిటెడ్ అధికారి వంటివారి ధ్రువీకరణతో దరఖాస్తు చేసుకునే దారి ఉంది. ఈ పని కాంట్రాక్టు గడువు తీరడానికి ఆరునెలల ముందు చేసుకుంటే ఒక సాయంత్రంలో అయిపోతుంది. తీరిన తరువాత మొదలుపెడితే ఏళ్ళు పట్టవచ్చు.

అసలైన సంకటం గడువు తీరే వారంలో వస్తుంది. పాత సంస్థ, ఇక్కడి పని పోయింది గాని మరో ఊళ్ళో మాకు కాంట్రాక్టు ఉంది, అక్కడికి రమ్మంటుంది. వెళితే యజమాని మారడు, సర్వీసు తెగదు. కానీ గుంతకల్లులోనో సికింద్రాబాద్‌లోనో అద్దె గది, రెండు పొయ్యిలు. వెళ్ళకుండా ఇక్కడే కొత్త సంస్థలో చేరితే ఇల్లు కదలదు, సర్వీసు తెగుతుంది. చట్టం దృష్టిలో యజమానితో వెళ్ళినవాడు నిలకడైన ఉద్యోగి, పనితోపాటు నిలిచిపోయినవాడు కొత్తవాడు. మాకు ఇది తలకిందుల న్యాయంగా తోస్తోంది. పెళ్ళికాని ఇరవై ఐదేళ్ళ యువకుడు వెళ్ళగలిగితే వెళ్ళమనే మా సలహా. ఈ అవకాశంతో భారీ వాహనాల లైసెన్సో ఐ.టి.ఐ. పత్రమో సంపాదించుకొని కాంట్రాక్టు పని నుంచే బయటపడగలిగితే మరీ మేలు. కడప, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్ వెళ్ళిన కుటుంబాలను చూసి డోన్ పిల్లలూ అటు చూస్తున్నారు. నివాస అనుమతి యజమాని చేతిలో ఉండే దేశంలో కంపెనీ కాంట్రాక్టు పోతే జీతంతోపాటు అక్కడ ఉండే హక్కే ప్రశ్నార్థకమవుతుందని తెలుసుకొని వెళ్ళాలి. ఖతార్ 2020లో, సౌదీ అరేబియా 2021 మార్చిలో, పాత యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలును పెంచాయి. అన్ని గల్ఫ్ దేశాలూ ఒకటి కావు, అన్ని వీసాలూ ఒకటి కావు.

నలభై ఐదేళ్ళ మనిషికి, ముఖ్యంగా మహిళకు, ఈ సలహాలేవీ పనికిరావు. ఆసుపత్రి వార్డులు తుడిచే పనిలో, వసతిగృహాల వంటపనిలో ఉన్న మన ఆడబిడ్డల్లో వితంతువులు, భర్త వదిలేసినవారు, రోగిష్టి భర్తను పోషిస్తున్నవారు ఎందరో. ఇంటికి నడిచివెళ్ళేంత దూరంలో పని ఉండడమే వారికి ఆ పనిలోని సుగుణం. వారిని మరో ఊరికి రమ్మనడం మర్యాదగా పొమ్మనడమే. కొత్త సంస్థ తాలూకు మనిషికి కొంత ముట్టజెబితే తప్ప జాబితాలో పేరు ఎక్కదని బెదిరించేది కూడా వీరినే. పదేళ్ళుగా చేస్తున్న తన సొంత పనిని మళ్ళీ కొనుక్కోవడానికి చెవికమ్మలు కుదువ పెట్టవలసిన దుస్థితి ఏ స్త్రీకీ రాకూడదు. ఆ డబ్బు అడగడం నేరం. అడిగిన వ్యక్తి మన మొహల్లా వాడే అయినప్పుడు మసీదు కమిటీ పెద్దలు మౌనంగా ఉండడం న్యాయం కాదు.

ఈ సందర్భంలోనే ఒక జాగ్రత్త చెప్పాలి. కాంట్రాక్టు పోయిన సంస్థలు చివరి నెల జీతం ఇచ్చేముందు ఒక కాగితం మీద సంతకం పెట్టమంటాయి. అది చాలాసార్లు రాజీనామా. ఏడాది నిండా పనిచేసిన కార్మికుణ్ణి పని లేదని తొలగిస్తే నెల నోటీసు, ఏడాదికి పదిహేను రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలని చట్టం చెబుతోంది. రాజీనామా ఇచ్చినవాడికి ఆ పరిహారం రాదు. చదవకుండా సంతకం చేయవద్దు, చదవడం రాకపోతే చదివేవారిని తీసుకువెళ్ళండి. ఇ.ఎస్.ఐ. వర్తించేచోట పనిచేసినవారికి ఇంకో ఆసరా ఉంది. 2018లో మొదలై గడువు పొడిగింపులతో సాగుతున్న అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద, కనీసం రెండేళ్ళు బీమా ఉన్న కార్మికుడు పని కోల్పోతే జీవితంలో ఒకసారి, తొంభై రోజుల వరకు, సగటు వేతనంలో సగం పొందవచ్చు. దీన్ని గురించి విన్నవారే తక్కువ.

న్యాయస్థానాలు ఏమన్నాయో చూద్దాం. కోజికోడ్‌లో తాళ్ళు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టర్ల ద్వారా పనిచేస్తున్న 29 మందికి పని నిరాకరించారు. వీరు కాంట్రాక్టరు మనుషులు, నావాళ్ళు కారని ఫ్యాక్టరీ యజమాని వాదించాడు. 1978లో సుప్రీంకోర్టులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ వాదనను తోసిపుచ్చారు. శ్రమ ఎవరి వ్యాపారానికి ఉపయోగపడుతోందో, ఎవరి చేతిలో ఆ కార్మికుడి జీవనోపాధి ఉందో వారే అసలు యజమాని అని తీర్పు సారాంశం. ఆ యజమాని పేరు హుస్సేన్‌భాయి. ఈ పేరును ఊరికే ప్రస్తావించలేదు. అన్యాయం చేసే కాంట్రాక్టరు ఎప్పుడూ పరాయివాడేనని మనం అనుకుంటూ ఉంటాం. మన సముదాయంలోనూ సబ్ కాంట్రాక్టులు తీసుకునేవారున్నారు, నమాజు వరుసలో కార్మికుడి పక్కనే నిలబడేవారున్నారు. మద్యన్‌లో హజ్రత్ మూసా (అ) కుదుర్చుకున్న కొలువు ఒప్పందాన్ని దివ్యఖుర్ఆన్ అల్ ఖసస్ సూరాలో ప్రస్తావించింది. ఎనిమిదేళ్ళా పదేళ్ళా అన్నది పని మొదలుకాక ముందే ఇరుపక్షాలకూ స్పష్టం. పని ఇచ్చిన పెద్దమనిషి, నిన్ను కష్టపెట్టడం నా ఉద్దేశం కాదని కూడా చెప్పాడు. గడువు ఎప్పుడు తీరుతుందో కార్మికుడికి చెప్పకుండా చివరి వారంలో చేతులు దులుపుకునే ముస్లిం కాంట్రాక్టరు ఆ సూరాను ఒకసారి తెరిచి చూడాలి.

1978 నాటి ఆ ఉదారత తరువాత నిలవలేదు. కాంట్రాక్టు విధానాన్ని నిషేధిస్తే కార్మికులు ప్రధాన యజమాని ఉద్యోగులవుతారని 1996లో ఎయిరిండియా కేసులో చెప్పిన సుప్రీంకోర్టు, 2001 ఆగస్టు 30న స్టీల్ అథారిటీ కేసులో ఆ తీర్పును రద్దుచేసింది. కాంట్రాక్టు బూటకమైనదని కార్మికులు పారిశ్రామిక న్యాయస్థానంలో రుజువు చేసుకోవాలన్నది. అయితే అదే తీర్పులో, నిషేధం వచ్చాక ప్రధాన యజమాని పర్మనెంటు కార్మికులను తీసుకోదలిస్తే పాత కాంట్రాక్టు కార్మికులకు ప్రాధాన్యమివ్వాలని, వయసు, చదువు విషయంలో సడలింపు చూపాలని కూడా అన్నది. ఆ వాక్యాన్ని మనం పట్టుకోలేదు. 2024 డిసెంబరులో జగ్గో కేసులో, కేంద్ర జల సంఘంలో ఏళ్ళ తరబడి ఊడ్చే పని, తోటపని చేసిన కార్మికులను తొలగించి ఆ పనిని ఔట్‌సోర్సింగ్‌కు ఇవ్వడాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టి వారిని క్రమబద్ధీకరించమన్నది. గాలి కొంత మారుతున్నట్టుంది.

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి. వాటిపై కార్మిక సంఘాల అభ్యంతరాలు చాలామట్టుకు సరైనవే. కాంట్రాక్టు కార్మిక నిబంధనలు ఇరవై మంది నుంచి కాక యాభై మంది ఉన్నచోట నుంచే వర్తిస్తాయనడం డోన్ లాంటి ఊళ్ళకు పెద్ద దెబ్బ. చిన్నపట్టణంలో ఏ కాంట్రాక్టరు దగ్గర యాభైమంది ఉంటారు? అయినా మనకు పనికివచ్చే అంశాలు కొన్ని ఉన్నాయి. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి. పని పోతే రెండు పనిదినాల్లో వేతన బకాయి చెల్లించాలి. నిర్ణీత కాలానికి రాతపూర్వకంగా నియమితుడైనవాడికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ అర్హత ఉంది. అడిగిన కాంట్రాక్టు కార్మికుడికి అనుభవ ధ్రువపత్రం ఇవ్వవలసిన బాధ్యత కాంట్రాక్టరుది. కూలి ఆలస్యం చేయరాదన్న దైవప్రవక్త (స) ఆదేశం తెలిసిన సముదాయానికి ఆ రెండు రోజుల నిబంధన వింతగా ఉండదు.

ఇంత చెప్పినా, సర్వీసు కొనసాగింపు అనే అసలు ప్రశ్న ఏ కోడ్‌లోనూ పరిష్కారం కాలేదు. బ్రిటన్‌లో 2006 నాటి నిబంధనలు ఉన్నాయి. శుభ్రతపని, భద్రతపని, భోజనశాల పని ఒక కాంట్రాక్టరు నుంచి మరొకరికి మారినప్పుడు, ఆ పనికే కేటాయించబడ్డ కార్మికులు పాత జీతంతో, పాత సర్వీసుతో కొత్త యజమాని ఉద్యోగులవుతారు. వ్యాపారం అక్కడ కుప్పకూలలేదు. టెండరు వేసేవాడికి ముందే తెలుసు కాబట్టి ఆ ఖర్చు లెక్కలో వేసుకొనే ధర చెబుతాడు. మన రాష్ట్రంలోనూ ఒక ప్రయత్నం జరిగింది. దళారులను తొలగించే పేరుతో ఏర్పడి 2020 జూలైలో ప్రారంభమైన ఆప్కాస్ కార్పొరేషన్, ఔట్‌సోర్సింగ్ నియామకాల్లో ఎస్.సి., ఎస్.టి., బి.సి., మైనారిటీలకు సగం వాటా, మహిళలకు సగం వాటా అన్న సూత్రం పెట్టింది. దాని అమలులోని లోపాలు వేరే చర్చ. ఏ ప్రభుత్వం ఏ పేరుతో ఏ సంస్థను నడిపినా ఈ వాటా సూత్రం పోకూడదు. పనిని తిరిగి ప్రైవేటు ఏజెన్సీలకు అప్పగించేటప్పుడు మైనారిటీల వాటా గురించి మన ప్రజాప్రతినిధులు శాసనసభలో అడగకపోతే ఇంకెవరూ అడగరు.

మేము కోరుతున్నది టెండరు పత్రంలో ఒక్క షరతు. రైల్వే అయినా, వైద్యారోగ్యశాఖ అయినా, పురపాలక సంఘమైనా, విద్యుత్ పంపిణీ సంస్థ అయినా, జాతీయ రహదారుల సంస్థ అయినా, పాత కాంట్రాక్టులో ఆ చోట పనిచేస్తున్నవారి జాబితాను టెండరుకు జతచేయాలి. గెలిచినవాడు వారిని పాత జీతానికి తగ్గకుండా, పాత సర్వీసును అంగీకరిస్తూ తీసుకోవాలి. గ్రాట్యుటీ మొత్తాన్ని కాంట్రాక్టరు చేతిలో కాక ప్రధాన యజమాని వద్ద ప్రత్యేక ఖాతాలో నెలనెలా జమచేయించాలి. దీనికి పార్లమెంటు కొత్త చట్టం చేయనక్కరలేదు. టెండరు రాసేవాడు రాస్తే చాలు. వాహనం ఏ రంగులో ఉండాలో, చీపురు ఏ కొలతలో ఉండాలో రాయగలిగిన పత్రంలో ఈ నాలుగు వాక్యాలకు చోటులేకపోదు.

మన వైపు నుంచి చేయగలిగినదీ ఉంది, అది ఎవరి అనుమతీ అవసరం లేనిది. డోన్‌లోనూ, బేతంచెర్ల, ప్యాపిలి, నంద్యాల, కర్నూలులోనూ ప్రతి జామియా మసీదు పరిధిలో కంప్యూటరు తెలిసిన ఇద్దరు ముగ్గురు యువకులు ఉన్నారు. జుమా నమాజు తరువాత నెలకొకసారి ఒక బల్ల వేసుకొని కూర్చుంటే చాలు. ముస్లిమేతర సహకార్మికులు వచ్చినా అదే బల్ల వద్ద ఆహ్వానించాలి. చూడవలసినవి కొన్నే: ఆధార్‌లో, బ్యాంకులో, యు.ఎ.ఎన్.లో పేరు ఒకేలా ఉందా, యు.ఎ.ఎన్. ఒక్కటేనా, ప్రతినెలా సొమ్ము జమవుతోందా, నామినీ పేరు నమోదయిందా, నియామక పత్రం చేతిలో ఉందా, ఇప్పటి కాంట్రాక్టు గడువు ఎప్పటితో తీరుతుంది. చివరి ప్రశ్నకు జవాబు చాలామంది కార్మికులకు తెలియదు. దాన్ని సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో ప్రధాన యజమాని కార్యాలయాన్ని అడగవచ్చు. గడువు తేదీ తెలిశాక, దానికి మూడునెలల ముందే అనుభవ ధ్రువపత్రానికి, జీతపు చీటీలకు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. కాంట్రాక్టరు గుమాస్తా ఇంకా ఆ గదిలోనే, ఆ కుర్చీలోనే కూర్చుని ఉండగా.